నీళ్ళ మీద జాడ

అనగనగా ఒక అడవిలో గవ్వలవాగు అని ఒక వాగు ఉండేది. గుట్టల మీద పుట్టి, రాళ్ళ మీద గెంతి, అడవి నడుమకు వచ్చేసరికి అలిసిపోయి ఒక మడుగు కట్టి నిలబడేది. ఆ మడుగు నీళ్ళు ఎంత తేటంటే, అడుగున ఉన్న గులకరాళ్ళను ఒడ్డున కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు.

మడుగు ఒడ్డున మద్దిచెట్టు వేళ్ళ కింద తుంపర అనే నీటికుక్క కాపురం ఉండేది. నీటికుక్క అన్నాం కదా అని మొరుగుతుందనుకునేరు. అది కుక్క కాదు. ముంగిసకు చుట్టంలా పొడుగ్గా, నున్నగా, మూతికి మీసాలతో ఉంటుంది. నేల మీద దానికి నడవడం వచ్చు. కానీ నీళ్ళలో ఉంటేనే దానికి ప్రాణం. తుంపరకు ఈత వచ్చింది ఆ మడుగులోనే, వాళ్ళమ్మ దగ్గర.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. "చేపపిల్లకు ఈత నేర్పాలా?" అంటారు పెద్దలు. నిజమే, చేపపిల్లకు నేర్పక్కర్లేదు. నీటికుక్క పిల్లకు మాత్రం నేర్పాలి! నీళ్ళను చూస్తే మొదట అది హడలిపోతుంది. అమ్మే దాని మెడ పట్టుకుని లోపలికి లాగాలి. మునిగితే ఎత్తాలి. ఏడిస్తే ఒళ్ళు నాకి, మళ్ళీ లాగాలి. ఇదంతా పసితనంలోనే జరగాలి. పిల్లతో పాటు భయం కూడా పెరిగి పెద్దదైందంటే, ఇక దాన్ని నీళ్ళలోకి దింపడం ఎవరి తరమూ కాదు.

ఆ ఏడు తుంపరకు ఇద్దరు పిల్లలు పుట్టారు. పెద్దవాడు బుడుంగు, చిన్నది గులక. వాళ్ళు కళ్ళు తెరిచిన రోజు తుంపర వాళ్ళ చెవుల్లో చెప్పింది. "కొన్నాళ్ళు ఆగండర్రా. కాళ్ళు కాస్త గట్టిపడనివ్వండి. మన మడుగు చూపిస్తా."

ఆ కాళ్ళు గట్టిపడేలోపే మడుగు చెడిపోయింది.

మొదట నీళ్ళ మీద నురగ వచ్చింది. "ఎక్కడో వాన పడి ఉంటుందిలే" అనుకుంది తుంపర. తర్వాత పుల్లటి వాసన వచ్చింది. "ఆకులు కుళ్ళి ఉంటాయిలే" అనుకుంది. ఆ తర్వాత చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. అప్పుడిక అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

తుంపర పిల్లలను వేళ్ళ కింద దాచి, ఒడ్డు వెంబడి పైకి నడిచింది. కొంత దూరం పోగానే బంటయ్య గోతులు కనిపించాయి. బంటయ్య అంటే ఎలుగుబంటి. మనిషి, అదే, జంతువు మంచివాడే. వేసవిలో ఇప్పపూలు రాలగానే పోగుచేసి, వాగు పక్కన గోతుల్లో నానబెట్టి, పులియబెట్టి, ముద్దలు చేసి అడవంతటికీ పెట్టేవాడు. ఎండలకు గడ్డి కూడా మాడిపోయే రోజుల్లో ఆ ముద్దే అందరికీ ఆధారం. కాస్త ఎక్కువ తింటే కాళ్ళు తడబడతాయి, పాటలు పుట్టుకొస్తాయి. అందుకే దానికి అంత గిరాకీ.

కిందటేడు వరకు బంటయ్యకు ఉన్నది ఒక చిన్న గొయ్యి. ఈ ఏడు గట్టు పొడుగునా గోతులే. వాటిలోంచి తోడిన పిప్పి, పులిసిన మడ్డి అంతా నేరుగా వాగులోకి పోతోంది.

"బంటయ్యన్నా! ఆ మడ్డికి నా మడుగు చచ్చిపోతోంది. పిల్లలకు ఈత నేర్పాలి. కాస్త దూరంగా పారబొయ్యవూ?" అంది తుంపర.

బంటయ్య మూతి తుడుచుకుని నవ్వాడు. "వాగున్నది ఎందుకు చెల్లెమ్మా? పారేసింది పట్టుకుపోవడానికేగా! రెండ్రోజులు ఓపిక పట్టు, అదే పోతుంది."

రెండ్రోజులు కాదు, పక్షం గడిచింది. పోలేదు. తుంపర సభకు వెళ్ళింది.

ఆ అడవిలో తగువులన్నీ ఇసుకదిబ్బ మీద తీర్చేవాళ్ళు. ఆ సభకు పెద్ద, మూపురయ్య తాత అనే ముసలి అడవిదున్న. వాళ్ళకు తాతల నాటి ధర్మం ఒకటుంది. దాని పేరు జాడధర్మం. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేసినా, చేసినవాళ్ళు అవతలివాడి అడుగుజాడ చూపించాలి. గూడు తొక్కాడా? జాడ చూపించు. పిల్లను ఎత్తుకుపోయాడా? జాడ చూపించు. జాడ ఉంటే శిక్ష, లేకపోతే లేదు. ఎన్నో తరాలుగా ఆ ధర్మం అడవిని చల్లగానే కాపాడింది.

బంటయ్య తరఫున సాకులయ్య అనే నక్క లేచాడు. మాటలతో కోట కట్టి, దాని మీద జెండా కూడా ఎగరేయగల ఘటం.

"తాతా, మొదటి మాట. ఈ తుంపరమ్మ మడుగులో బంటయ్య అడుగుజాడ ఉందా?"

"నీళ్ళలో జాడ ఎలా ఉంటుందయ్యా?" అంది తుంపర.

"లేదు కదా! సరే, రెండో మాట. వాగులో బంటయ్య ఒక్కడే మడ్డి పోశాడా? పందులు పొర్లుతాయి. దుప్పులు పేడ వేస్తాయి. చెట్లు ఆకులు రాలుస్తాయి. ఆ చేపలు దేనివల్ల చచ్చాయో ఈవిడ విడదీసి చెప్పగలదా?"

తుంపర పందుల వైపు, దుప్పుల వైపు చూసింది.

"ఇక మూడో మాట." సాకులయ్య సభ వైపు తిరిగాడు. "బంటయ్య గోతులు పూడిస్తే, ఈ ఎండల్లో మీ పిల్లలకు ముద్ద ఎవరు పెడతారు? ఒక్క మడుగు కోసం అడవంతా పస్తుండాలా?"

అంతే, పందులు తల దించుకున్నాయి. దుప్పులు పక్కకు చూశాయి. కుందేళ్ళు మూతికి అంటిన ఇప్పముద్ద మెల్లగా తుడుచుకున్నాయి. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు, తినని నోరు ఉంటే కదా మాట్లాడడానికి!

మూపురయ్య తాత చెడ్డవాడు కాదు. తనకు తెలిసిన ధర్మం దాటి అడుగు వేయడం ఆయనకు రాదు. "జాడ లేదమ్మా తుంపరా. నేనేం చేసేది?" అన్నాడు.

తుంపర పిల్లలను నోట కరుచుకుని వేరే నీళ్ళు వెతుక్కుంటూ పోయింది. తూర్పున ఉన్న కుంట ఎండకు బురదైపోయింది. పడమటి ఏట్లో మొసలి కాపురముంది, అది పిల్లలను చూసి పలకరించిన తీరు బాగాలేదు. గవ్వలవాగు ఎగువకు పోదామంటే, గోతులు దాటాక అంతా ఎలుగుల గుట్టలు. పసిపిల్లల తల్లులైన ఎలుగులు పరాయి వాసన తగిలితే చీల్చేస్తాయి. తిరిగి తిరిగి మళ్ళీ మద్దిచెట్టు కిందకే వచ్చి పడింది. మడుగు కంపు కొడుతున్నా, పక్కనే పడుకుంటే ఇల్లు అనిపించింది.

పాలు తగ్గాయి. పిల్లలు ఆకలికి కీచుమంటున్నారు. అప్పుడు వచ్చాడు సాకులయ్య, తియ్యగా.

"తుంపరమ్మా, బంటయ్య మనసు వెన్న. నీకు రోజూ చేపలు తెచ్చి పెడతానంటున్నాడు. నీ గుమ్మం దగ్గరికే! నువ్వు చేయాల్సింది ఒక్కటే. చేపలు తింటున్నన్నాళ్ళూ సభలో వాగు ఊసెత్తకూడదు. మాటిస్తావా?"

తుంపర పిల్లల డొక్కలు చూసింది. మాటిచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది చెప్పండి! తల్లి కదా.

మర్నాటి నుంచి బంటయ్య రోజూ పొద్దున్నే ఆకుదొప్పలో చేపలు తెచ్చి పెట్టేవాడు. ఒక్క రోజూ తప్పలేదు. పిల్లలు బొద్దుగా తయారయ్యారు. చూసినవాళ్ళంతా "ఇంకేం కావాలే తుంపరా, అదృష్టవంతురాలివి" అన్నారు.

తుంపరకు ఏం కావాలో చెబితే వాళ్ళకు అర్థం కాదు. తెల్లవారుజామున చల్లటి నీళ్ళు ముక్కు మీదుగా రెండుగా చీలి వెనక్కు పోతాయే, అది కావాలి. మునిగి కళ్ళు తెరిస్తే పైన పచ్చగా ఊగే వెలుతురు కావాలి. చేప దొరకడం కాదు, దాని వెనక పడి గుండ్రంగా తిరగడం కావాలి. కడుపు నిండిన కొద్దీ ఆ బెంగ ఇంకా పెరిగింది. మడుగు పక్కనే ఉండి మడుగు మీద బెంగ పెట్టుకోవడం ఎంత కష్టమో! దూరదేశం పోయినవాడికైనా తిరిగి వస్తానన్న ఆశ ఉంటుంది. తుంపర ఎక్కడికీ పోలేదు. మడుగే కళ్ళ ముందు ఉండి దూరమైపోయింది.

పిల్లల కాళ్ళు గట్టిపడ్డాయి. ఇక ఆగలేక తుంపర వాళ్ళను ఇసుకలోకి తీసుకుపోయింది.

"ఇదిగో, ఇలా బోర్లా పడుకోండి. ముందు కాళ్ళు పొట్టకు ఆనించండి. వెనక కాళ్ళతో తన్నండి. తోకతో దారి తిప్పుకోండి."

పిల్లలు ఎండు ఇసుకలో బోర్లా పడి తన్నారు. ఇసుక ఎగిరి కళ్ళలో పడింది. గులక పకపకా నవ్వింది. బుడుంగు మాత్రం శ్రద్ధగా తన్ని, మీసాలు దులుపుకుని అడిగాడు.

"అమ్మా, నీళ్ళు కూడా ఇలాగే గరగరమంటాయా?"

"అనవు నాన్నా" అని మాత్రం అంది తుంపర. ఆ రోజు తన వాటా చేప ముట్టలేదు.

ముట్టకుండా దాన్నే చూస్తూ కూర్చుంది. అప్పుడు వాసన తగిలింది. చేపది కాదు, నీళ్ళది. రాతి మీద నాచు, చల్లటి మన్ను, తేటనీళ్ళు కలిసిన వాసన. అది తనకు తెలిసిన వాసనే. గవ్వలవాగుది. చెడిపోకముందు గవ్వలవాగుది!

మర్నాడు బంటయ్య దొప్ప దించుతుండగా అడిగింది. "అన్నా, ఈ చేపలు ఎక్కడ పడుతున్నావు?"

"ఎక్కడేమిటి చెల్లెమ్మా, మన వాగులోనే! నా గోతులకు అల్లంత పైన ఒక మడుగుంది. చెయ్యి పెడితే చాలు, వచ్చి పడతాయి. గోతుల కింద వెతికితే ఏముంది, నా తలకాయ! ఒక్క చేప ఉంటే ఒట్టు." బంటయ్య గొప్పగా చెప్పి గొప్పగా నవ్వాడు. తను ఏమన్నాడో అతనికి తెలియలేదు.

తుంపరకు తెలిసింది.

కానీ నోరు కట్టేసి ఉంది కదా! చేపలు తింటున్నన్నాళ్ళూ ఊసెత్తనని మాటిచ్చింది. మాట తప్పడం ఆ అడవిలో మహా తప్పు. మాట తప్పకుండా నోరు విప్పాలంటే ఒక్కటే దారి. తుంపర పిల్లలిద్దరినీ చూసింది. కడుపు నిండా తిని, ఎన్నటికీ ఈత రాకుండా పెరిగి పెద్దవాళ్ళయితే వాళ్ళు ఎవరు? పొడుగు తోక ఉన్న ముంగిసలా?

"అన్నా, ఇవి తీసుకుపో. రేపటి నుంచి తేవద్దు" అంది.

"అదేంటి చెల్లెమ్మా! పిల్లలేం తింటారు?"

"దొరికింది తింటారు."

దొరికింది ఎండ్రకాయలు, కప్పలు, మిడతలు. అవీ కొంచెమే. పిల్లలు మళ్ళీ ఏడ్చారు. బుడుంగు అలిగి రెండు పూటలు మాట్లాడలేదు. తుంపర పళ్ళు బిగబట్టి, సభ కూడేదాకా ఓర్చుకుంది.

సభలో సాకులయ్య ముందే ఎగిరాడు. "మాట తప్పింది! వాగు ఊసెత్తనంది!"

"చేపలు తింటున్నన్నాళ్ళూ అన్నాను. మానేశాను. నా పిల్లల డొక్కలు చూడు" అంది తుంపర.

అందరూ చూశారు.

"నేను ఫిర్యాదు చేయను తాతా. బంటయ్యన్నను ఒక్క మాట అడుగుతాను. అన్నా, నాకు తెచ్చిన చేపలు ఎక్కడ పట్టావో సభకు చెప్పు."

సాకులయ్య బంటయ్య కాలు గిల్లాడు. కానీ బంటయ్యకు అబద్ధం రాదు. "నా గోతులకు ఎగువన" అన్నాడు.

"దిగువన ఎందుకు పట్టలేదు?"

"దిగువన చేపలు లేవుగా!"

"ఎగువన పందులు పొర్లవా?"

"పొర్లుతాయి."

"ఆకులు రాలవా?"

"రాలతాయి చెల్లెమ్మా, అడవి కదా."

"అయినా అక్కడ చేపలున్నాయి. ఇక్కడ లేవు. ఆ నీళ్ళకూ ఈ నీళ్ళకూ నడుమ ఏమున్నాయి అన్నా?"

బంటయ్య తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఆ పెద్ద మొహంలోంచి నవ్వు మెల్లగా దిగిపోయింది.

"నా గోతులే" అన్నాడు.

"అయినా అడుగుజాడ లేదు!" అని అరిచాడు సాకులయ్య. "తాతల ధర్మం!"

మూపురయ్య తాత లేచి నిలబడ్డాడు. "ఊరుకోవయ్యా. మా తాతలు ఈ ధర్మం పెట్టినప్పుడు తప్పులన్నీ కాళ్ళతోనే జరిగేవి. నేల మీద నడిచేవాడి జాడ నేల మీద ఉంటుంది. నీళ్ళ మీద జాడ నిలవదని తెలిసీ, ఈ తల్లిని జాడ తెమ్మన్నాం. తప్పు నాది కూడా. ఇక వినండి. నీళ్ళ దగ్గర జాడ చూపించే పని నష్టపోయినవాళ్ళది కాదు. నీళ్ళలో ఏదైనా కలిపేవాడే, దానివల్ల ఎవరికీ చేటు లేదని ముందు చూపించాలి. చూపించలేకపోతే కలపకూడదు. కలిపి చెడగొడితే, మళ్ళీ తేటపడేదాకా వాడే కడగాలి. చేపలిచ్చి చేతులు దులుపుకుంటానంటే కుదరదు."

"మరి ఇప్పముద్దలు?" అని ఒక కుందేలు సన్నగా అడిగింది.

"గోతులు గుట్ట మీద తవ్వుకోమను. పిప్పి చెట్ల మొదళ్ళకు వేయమను. ఆ పిప్పి మోయడానికి నువ్వూ సాయం పట్టు. ముద్ద తిన్నావుగా!"

అలాగే చేశారు. బంటయ్య పాత గోతులు పూడ్చాడు. వాగులోకి దిగి, రాయి రాయికీ పట్టిన జిగురు గోళ్ళతో గీకాడు. పందులు మడ్డి తోడాయి. దుప్పులు పిప్పి మోశాయి. సాకులయ్యకు నడుం నొప్పి వచ్చింది, అది వేరే సంగతి. వానలు వచ్చి మిగిలింది కడిగాయి. ఎగువ నుంచి ఒక చేప వచ్చింది, దాని వెనక ఇంకోటి. ఒక ఉదయం తుంపర లేచి చూస్తే, మడుగు అడుగున గులకరాళ్ళు కనిపించాయి.

తుంపర దిగింది. చల్లటి నీళ్ళు ముక్కు మీదుగా రెండుగా చీలి వెనక్కు పోయాయి. నీళ్ళ అడుగునే ఏడ్చింది. అక్కడ ఏడిస్తే ఎవరికీ తెలియదు.

గులకను మెడ పట్టి లాగింది. అది కెవ్వుమంది, మునిగింది, తేలింది, తుమ్మింది, "ఇంకోసారి!" అంది. అన్నలా అది ఇంకా ఎదగలేదు కదా, భయం ముదరలేదు.

బుడుంగు రాలేదు. ఆ వేసవిలో వాడు ఎదిగిపోయాడు. మెడ పట్టి లాగబోతే, బలంగా విదిలించుకుని చెట్టు వేళ్ళలోకి పారిపోయాడు. రోజూ చెల్లెలి ఈత చూస్తూ ఒడ్డున కూర్చునేవాడు. ఎవరూ చూడనప్పుడు ఇసుకలో బోర్లా పడుకుని, అమ్మ నేర్పినట్టే కాళ్ళు తన్నుకునేవాడు.

బంటయ్య అది చూశాడు. తుంపర దగ్గరకు వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "చెల్లెమ్మా, వాగు కడిగేశాను. ఇంకేమైనా బాకీ ఉన్నానా? ఏం ఇమ్మంటావో చెప్పు, ఇస్తాను."

"ఆ వేసవి ఇవ్వగలవా అన్నా?" అంది తుంపర. ఆ మాటలో కోపం లేదు. అందుకే బంటయ్యకు ఇంకా నొప్పి పుట్టింది.

మర్నాటి నుంచి బంటయ్య రోజూ పొద్దున్నే మడుగుకు వచ్చేవాడు. చేతిలో దొప్ప ఉండేది కాదు. బుడుంగు కూర్చునే రాయి పక్కన, నడుము లోతు నీళ్ళలోకి దిగి, వీపు ఒడ్డుకు ఆనించి ఊరికే నిలబడేవాడు. రమ్మనేవాడు కాదు, బుజ్జగించేవాడు కాదు. ఇష్టమైతే వీపెక్కమని, అంతే. అందరూ నవ్వారు. నవ్వనివ్వండి. కొన్ని తప్పులను అలా నిలబడే దిద్దుకోవాలి.

ఎండలు పోయి మంచు కురిసే రోజులు వచ్చాయి. బంటయ్య వస్తూనే ఉన్నాడు. తుంపర మడుగు నడుమ తేలుతూ కొడుకునే చూస్తూ ఉండేది. పిలిస్తే బెదురుతాడని పిలిచేది కాదు. పిలుపంతా కళ్ళలోనే దాచుకునేది.

ఒక పొద్దున బుడుంగు రాయి దిగాడు. బంటయ్య వీపు మీద ఒక కాలు వేశాడు, ఇంకోటి వేశాడు. బంటయ్య ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. బుడుంగు ఆ బొచ్చు గట్టిగా పట్టుకుని, ముందు కాలు ఒక్కటి కిందికి చాచి నీళ్ళలో పెట్టాడు. చటుక్కున తీసేశాడు. మళ్ళీ పెట్టాడు.

"అమ్మా!" అన్నాడు ఆశ్చర్యంగా. "ఇవి గరగరమనడం లేదు."

తుంపర ఈదుకుంటూ వచ్చి, నీళ్ళలో ఉన్న ఆ చిన్న కాలికి ముక్కు ఆనించి అలాగే ఉండిపోయింది.

వాడు ఆ రోజు మునగలేదు. ఆ మర్నాడూ మునగలేదు. ఎప్పుడు మునుగుతాడో ఎవరికీ తెలియదు. అందుకే ఈ కథ ఇంకా కంచికి పోలేదు పిల్లలూ, ఆ మడుగు ఒడ్డునే కూర్చుని వాడి కోసం చూస్తోంది.

నీతి: నీళ్ళను చెడగొట్టినవాడే జవాబు చెప్పాలి, వాడే కడగాలి, ఎంత కడిగినా పోయిన కాలం తిరిగి రాదు కాబట్టి, చెడగొట్టకముందే ఆగాలి.